మూఢంలో సభ్యత్వం

పెళ్లిళ్ల మీద బతికేవాళ్లకు పెళ్లిళ్లు చాలవు, పరిచయాలు కావాలి. ఈ పరమసత్యం అనకాపల్లి కల్యాణ వ్యాపారుల పరస్పర పరిచయ సంఘం నిబంధనావళిలో మొదటి పేజీలోనే ఉంది. (రెండో పేజీలో అధ్యక్షులవారి ఫోటో ఉంది.)

ఆ సంఘం నుంచి శుభవార్త వచ్చేసరికి బిందుమాధవి కొత్త కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతోంది. పెళ్లయి ఇరవై రోజులు. కుక్కర్ కూసినా తమ కాపురాన్ని మెచ్చుకుంటున్నట్టే ఉంటుంది ఆమెకు. 'మండప అలంకరణ విభాగంలో ఖాళీ అయిన ఒకే ఒక్క స్థానానికి మిమ్మల్ని ఎంపిక చేయడమైనది. పదకొండు రోజుల్లో ప్రమాణం చేయనిచో ఎంపిక రద్దగును' అని ఫోన్ చెప్పింది. మూడు విజిల్స్ రావలసినచోట తొమ్మిది వచ్చాయి. ఆ పప్పునే ఆమె, భర్త నానాజీ అమృతంలా తిన్నారు.

సంఘంలోనివాళ్లు సంఘంలోనివాళ్లకే ఆర్డర్లు చెబుతారు. బయటివాళ్లకు అందేది శుభలేఖ ఒక్కటే. బిందు, నానాజీ ఇప్పటిదాకా అలంకరించిన మండపం కూడా ఒక్కటే, వాళ్లదే. అలంకరణకు మాటిచ్చినవాళ్లు రాకపోవడంతో పెళ్లికూతురే పట్టుచీర ఎగ్గట్టి, నిచ్చెనెక్కి బంతిదండలు కట్టింది. వ్యాపారం అలా పుట్టింది. దరఖాస్తులో 'ఖాతాదారుల అభిప్రాయం' దగ్గర ఆమె తనకు తానే ఐదు నక్షత్రాలు ఇచ్చుకుంది. నానాజీ మాత్రం నాలుగే ఇచ్చి, 'మండపం బాగుంది, పిలిచినా పెళ్లికూతురు దిగలేదు' అని రాశాడు.

పదో రోజున సంఘం ఒక కల్యాణమండపంలో సమావేశమైంది. పెళ్లిళ్లు లేని రోజులు కావడంతో మండపం యజమాని స్టేజి నిండా బెల్లం దిమ్మలు నిల్వ పెట్టించాడు. సభ్యులు, చీమలు సర్దుకుని కూర్చున్నారు.

"ఈ అమ్మాయిచేత ప్రమాణం చేయించండి" అన్నాడు బ్యాండుమేళం కృపానిధి.

పంచాంగంలోంచి తలెత్తారు పంతులుగారు. (ముహూర్త విభాగం సభ్యులు.) "శుక్ర మూఢం నాయనా. ఇంకా రెండు నెలలుంది. మూఢంలో కొత్త బంధాలు కలపకూడదు. సభ్యత్వం కొత్త బంధమే."

"అయితే సీజన్లో పెట్టండి."

"సీజన్లో నువ్వొత్తావేటి?" అన్నారు అధ్యక్షులు త్రినాధరావు. ఆయనది వంటల కాంట్రాక్టు. "నువ్వు మేళంలో ఉంటావు, నేను పొయ్యికాడ ఉంటాను. మనకి కాళీ దొరికీదే మూఢంలో."

ఈ కారణంగానే స్థాపించిన తొమ్మిదేళ్లలో సంఘంలోకి కొత్తగా ఎవరూ చేరలేదు. (ఎంపికైనవారు డెబ్బై ముగ్గురు.) మూఢంలో విజిటింగ్ కార్డు చేతికివ్వడం కూడా నిషిద్ధం. బల్లమీద పెట్టి పక్కకు తిరగాలి. ఎదుటివారు పొరపాటున తీసుకోవచ్చు. నవ్వవచ్చు, పళ్లు కనబడరాదు.

"మా చర్చిలో పెట్టీండి. మాకు మూఢం లేదు" అన్నాడు కృపానిధి.

"నీకు లేదయ్యా, అమ్మాయికుంది కదా!" అన్నారు పంతులుగారు.

బిందు పక్కనున్న నానాజీ వేళ్లమీద రోజులు లెక్కపెట్టింది. రేపటితో గడువు సరి. "పంతులుగారూ, మూఢంలో చేసుకోదగ్గది ఒక్కటీ లేదాండీ?"

"ఎందుకు లేదమ్మా? చావుకి మూఢమేమిటి?"

సభ్యులంతా పంతులుగారి వైపు తిరిగారు. చీమలు కూడా ఆగినట్టనిపించింది. త్రినాధరావు మెల్లగా లేచారు. "అయితే సంతాప సభ పెట్టీద్దాం."

"అక్కడ చేతులు కలిపితే పరిచయం కాదు, పరామర్శ" అని పంతులుగారు ధ్రువీకరించారు.

"ఎవరు పోయేరండీ?" అంది బిందు.

"మన సత్తియ్య. నీకొచ్చిన సీటు ఆడిదే" అన్నారు త్రినాధరావు.

"అయ్యో, ఆయన మొన్న మూఢం ముందే కదండీ వైజాగులో షాపు తెరిసేరు?"

"గ్రూపులోంచి లెఫ్ట్ అయిపోయేడమ్మా. మాకు పోయినట్టే."

"ఆయనేటంటాడో మరి?" అన్నాడు నానాజీ.

"ఫోన్ సేసి అడుగుదారి బాబూ. పోయినోడికి మర్యాద సెయ్యాలి కదా."

తీర్మానం ఏకగ్రీవం. సంతాప వేదిక అలంకరణను కాబోయే సభ్యురాలికే అప్పగించారు. పరాయివాళ్ల దగ్గర్నుంచి వచ్చిన మొట్టమొదటి ఆర్డరు! బిందు నానాజీ చెయ్యి పట్టుకుని ఊపేసింది. "ఏవండీ, మనకి ఆర్డరొచ్చింది!" (తర్వాత సంతాపంగా కళ్లు దించుకుంది.)

ఇంటికి చేరేలోపే ప్రకటన వచ్చేసింది.

'రేపు ఉదయం పదిన్నరకు సత్తియ్య గారి సంతాప సభ. రెండు నిమిషాల మౌనం, వెంటనే కొత్త సభ్యురాలి ప్రమాణం, భోజనాలు. ఫోటోకు దండ ఎంత పొడవుండాలో సత్తియ్య గారినే అడగడమైనది. ఆయన విజిటింగ్ కార్డులతో పది గంటలకే వస్తారు.'