గోత్రం లేని సైకిలు

మా మోదుగుంపు గ్రామ పంచాయతీ పరిధిలో సైకిలు తొక్కడంపై ఎలాంటి నిషేధమూ లేదని ప్రజలకు ఇందుమూలముగా తెలియజేస్తున్నాను. తొక్కకూడనిది ఒక్క సైకిలు మాత్రమే. అది పంచాయతీ కచేరీలో పూలదండతో సహా క్షేమంగా ఉంది.

నేను సైకిలు సంరక్షణ కమిటీ కార్యదర్శిని. ఏడో తరగతి వరకు చదివాను. ప్రతి శనివారం రామాలయంలో భజన నడిపిస్తాను. ఈ రెండు అర్హతల వల్ల ఊళ్ళో ఏ కమిటీ వేసినా కార్యదర్శి పదవి నన్ను వెతుక్కుంటూ వస్తుంది. నాకు సైకిలు తొక్కడం రాదు. కనుక నిష్పక్షపాతంగా ఉండగలనని పంచాయతీకీ, కమిటీకీ అధ్యక్షులైన చెంచురామయ్య గారు అభిప్రాయపడ్డారు.

సైకిలు మా ఊరికి వచ్చింది 1997 ఎండాకాలంలో. పాల్వంచ వైపు ఒక ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి వచ్చిన తెల్లదొర ఒకాయన ఆదివారం పూట దాన్ని తొక్కుకుంటూ అడవిలో తిరిగేవాడు. జీపు ఉన్న మనిషి సైకిలు తొక్కుతున్నాడంటే ఉద్యోగంలో ఏదో తప్పు చేసి ఉంటాడని, దానికి శిక్ష వేసి ఉంటారని మావాళ్ళు జాలిపడ్డారు. దారి ఉన్నచోట కాకుండా లేనిచోట తొక్కుతున్నాడని తెలిశాక, చేసిన తప్పు చాలా పెద్దదని నిర్ధారణ అయింది.

ఒక ఆదివారం ఆయన బద్యాతండా దగ్గర జ్వరంతో పడిపోయాడు. అక్కడ సీతయ్య ఉన్నాడు. సీతయ్య కోయవాడు, మలేరియా కార్యకర్త. జ్వరం వచ్చినవాళ్ళ వేలు పొడిచి, రక్తపు చుక్కను గాజుబిళ్ళ మీద పట్టి, అడవిదారిన నడిచి పెద్ద దవాఖానాకు పోయి, పరీక్ష చేయించి, మందు తేవడం అతని పని. ముందు వేసే చేదు మాత్రలు అతని సంచిలోనే ఉంటాయి. వాటికి లొంగని జ్వరం ఒకటుంది. దాని మందు రక్తం చూశాకనే ఇస్తారు. బద్యాతండా నుంచి మా ఊరికి ఎనిమిది కిలోమీటర్లు, మా ఊరి నుంచి దవాఖానాకు ఇరవై. రక్తం చూసే మనిషి పన్నెండు గంటలకు లేచి వెళ్ళిపోతాడు. నడిచి పోయేవాడికి ఆ మనిషి మర్నాడే దొరుకుతాడు. వానలు పడితే బస్సుదారి కల్వర్టు మునుగుతుంది. మామూలు సైకిలు ఒకటి అడవిదారిన ఒకసారి పోయింది గానీ, రెండు ముక్కలుగా తిరిగి వచ్చింది.

దొర బతికాడు. తన దేశం వెళ్ళిపోతూ సైకిలును, ఒక ఉత్తరాన్ని పంచాయతీకి పంపాడు. "ఈ సైకిలు సీతయ్యకు. నా కోసం అతను రెండు రోజులు నడిచాడు. దీని మీద ఒక్క పూటలో పోయి రావచ్చు" అని అందులో ఉంది. హైస్కూలు మాస్టారు చదివి వినిపించగా అందరం చప్పట్లు కొట్టాం. సీతయ్య ముందుకు వచ్చి హ్యాండిలు పట్టుకోబోయాడు.

"ఆగవయ్యా" అన్నారు అధ్యక్షులు. "ఇంత గొప్ప వస్తువు. బజార్లో వంకాయలిచ్చినట్టు చేతికిచ్చేస్తామా? ఓ పద్ధతుండక్కర్లా?"

పద్ధతి కోసం కమిటీ ఏర్పడింది.

కమిటీ మొదట సైకిలును తనిఖీ చేసింది. లోపాలు చాలా కనిపించాయి. క్యారియర్ లేదు. స్టాండు లేదు. బెల్లు, మడ్‌గార్డు, చైన్‌కవరు ఏవీ లేవు. బియ్యం బస్తా గానీ, పాలక్యాను గానీ, భార్యను గానీ ఎక్కించే వీలు లేని వాహనాన్ని ఆ దేశంలో ఎందుకు తయారు చేస్తారో ఎవరికీ అర్థం కాలేదు. గేర్లు మాత్రం ఇరవై నాలుగు. లారీకి ఐదే ఉంటాయని, ఈ లెక్కన ఇది ఐదు లారీల సత్తువని ఒక సభ్యుడు లెక్క తేల్చాడు.

అన్నిటికంటే పెద్ద లోపం స్ప్రింగులు. ముందు చక్రానికి రెండు కాళ్ళలోనూ, సీటు కింద ఒకటీ ఉన్నాయి. అధ్యక్షులు సీటు మీద చెయ్యి వేసి నొక్కారు. సైకిలు కిందికి దిగి పైకి లేచింది. సభలో కలకలం రేగింది.

"నడుం ఇరిగిన సైకిలిచ్చి పోయాడ్రా దొర!"

సైకిలు షాపు జకర్యాను పిలిపించారు. అతను మోకాళ్ళ మీద కూర్చొని, స్ప్రింగును పసిపిల్లను చూసినట్టు చూశాడు.

"ఇరగలే అయ్యా. గిది గట్లనే ఉండాలె. రాయి మీద చక్రం ఎక్కితే చక్రమే లేస్తది, మనిషి లేవడు. గతుకుల కోసం పెట్టిండ్రు."

"గతుకు తగలకపోతే తొక్కినట్టెట్టా తెలుస్తదయ్యా?" అన్నారు అధ్యక్షులు. సీటు కింది స్ప్రింగు తీసేసి, ఆ చోట కదలకుండా ఒక టేకు దిమ్మ బిగించవలసిందిగా తీర్మానించాం.

"బంగారం అసొంటి బండిని మొద్దు చేస్తుండ్రు" అని గొణుగుతూనే జకర్యా పని పూర్తి చేశాడు. స్ప్రింగును మాత్రం గుడ్డలో చుట్టి తన పెట్టెలో దాచుకున్నాడు. అతని మతం వేరు కాబట్టి మన పద్ధతులు తెలియవని కమిటీ అతన్ని క్షమించింది.

తరువాత వాహనపూజ. మా వైపు కొత్త బండి ఏది కొన్నా భద్రాచలం తీసుకుపోయి, రామయ్య సన్నిధిలో పూజ చేయించాకే తొక్కుతారు. నేనూ నమ్మేవాణ్ణే. తొక్కకుండా తీసుకుపోవాలి కాబట్టి సైకిలును ట్రాక్టరు ఎక్కించాం. సైకిలు పడిపోకుండా పట్టుకోవడానికి పదిహేడు మందిమి ఎక్కాం. సీతయ్యకు చోటు లేకపోయింది.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. టైరు మీది రబ్బరు ముళ్ళ సందుల్లో పసుపు నిండింది. పూజారి గారు సంకల్పం చెప్పబోతూ, యజమాని పేరు, గోత్రం అడిగారు.

పేరు సీతయ్య. గోత్రం? పదిహేడు మందిలో ఒక్కరికీ తెలియదు.

"తెలియకపోతే పేరు చెప్పండి చాలు, స్వామికి తెలుస్తుంది" అన్నారు పూజారి గారు.

"పేరొక్కటీ ఏం చాలుద్దండీ? ఇంత దూరం వచ్చి పూజ సగం చేయించుకుంటామా?" అని అధ్యక్షులు ఊరి గౌరవం కాపాడడానికి తమ గోత్రం చెప్పారు. తమ పేరు, భార్య పేరు, ఇద్దరు కొడుకుల పేర్లు కూడా చెప్పారు. పూజ దివ్యంగా జరిగింది. దారిలో పులిహోర తిన్నాం.

చిక్కు ఊళ్ళోకి వచ్చాక మొదలైంది. సైకిలు ఉత్తరం ప్రకారం సీతయ్యది, సంకల్పం ప్రకారం అధ్యక్షులది. ఒకరి గోత్రం మీద పూజ జరిగిన వాహనాన్ని మరొకరు తొక్కితే ఎవరికి ముప్పు? తొక్కినవాడికా, గోత్రం వాడికా? అధ్యక్షులు రెండో సంగతి గురించే ఎక్కువ ఆలోచించారు. సీతయ్య గోత్రం కనుక్కొని మళ్ళీ పూజ చేయించాలని, అంతవరకు సైకిలు ఎవరూ ముట్టరాదని తీర్మానం అయింది. తీర్మానం నేనే రాశాను. దస్తూరి బాగుందని అందరూ మెచ్చుకున్నారు.

సీతయ్యను పిలిచి విచారించాం.

"మాకు గోత్రం ఉండదయ్యా. గట్టు ఉంటది. మాది ఐదో గట్టు."

"ఐదో గట్టంటే ఏ రుషి?"

"రుషి ఏందయ్యా? మా తాతలే."

ఈ సమాధానాన్ని పండితుల పరిశీలనకు పంపాం. జవాబు ఇంకా రాలేదు. శబరి చేతి పండు తిన్నప్పుడు స్వామి ఆమె గోత్రం అడిగి ఉంటాడా అని నాకు ఒక సందేహం కలిగింది. కమిటీలో ప్రస్తావిద్దామనుకున్నాను గానీ, ఆ రోజు సైకిలు మీద దుమ్ము పడుతోందన్న అంశం ముందుకు రావడంతో వీలుపడలేదు. దుమ్ము నివారణకు నా వంతుగా మా ఇంటి దోమతెర తెచ్చి సైకిలు మీద కప్పాను. మా ఆవిడ పద్మావతమ్మ ఏదో అనబోయింది. ధర్మకార్యమని చెప్పాను.

ఆగస్టు పదిహేను వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్ళు. జెండా పక్కన సైకిలును నిలబెట్టాం. స్టాండు లేదు కాబట్టి ఇద్దరు సభ్యులు చెరో వైపు పట్టుకున్నారు.

"సోదర సోదరీమణులారా!" అన్నారు అధ్యక్షులు మైకులో. "అడవి బిడ్డల సేవకు వచ్చిన ఈ వాహనానికి ఈ రోజు వరకు ఒక్క గీత పడలేదు. ఒక్క చుక్క బురద అంటలేదు. ఇంత జాగ్రత్తగా చూసుకున్న ఊరు జిల్లాలో ఇంకోటి ఉంటే చూపించమని సవాలు చేస్తున్నా!"

సీతయ్యను వేదిక మీదికి పిలిచి, సైకిలును దగ్గరగా చూడడానికి అనుమతించారు.

ఆ తరువాతి మంగళవారం పొద్దున ఎనిమిది గంటలకు సీతయ్య వానలో తడుస్తూ మా గుమ్మం ముందు నిలబడ్డాడు. వెంట బద్యాతండా బిచ్యా ఉన్నాడు. బిచ్యా భార్య సోమ్లికి నాలుగు రోజులుగా జ్వరం. మాత్రలకు తగ్గలేదు. మనిషిని గుర్తుపట్టడం లేదు. తండా దగ్గరి వాగు పొంగింది, వీళ్ళిద్దరూ ఈదుకొచ్చారు గానీ ఆమెను మోసుకు రావడానికి లేదు. గాజుబిళ్ళ సీతయ్య జేబులో, ప్లాస్టిక్ కాగితంలో ఉంది.

"అయ్యా, ఒక్క పూట సైకిలిప్పియ్యండ్రి. పన్నెండులోపు అందుకుంట. పొద్దుగూకే వరకు మందు తెస్త."

"నాదేముంది సీతయ్యా" అన్నాను. "తీర్మానం ఉంది. గోత్రం తేలలేదు."

"నాకు ముప్పు వస్తే రానియ్యండ్రి."

"నీకు కాదు. అధ్యక్షులకు వస్తే?"

బిచ్యా ఇద్దరి ముఖాలూ చూశాడు. "సార్, తాళం తీస్తే అయిపోయె పనే కద?" అన్నాడు. అతను చదువుకోలేదు. తాళం తీయడం ఒక నిర్ణయమని, దానికి సభ పిలవాలని, సభకు మూడు రోజుల ముందు నోటీసు ఇవ్వాలని అతనికి ఓపికగా వివరించాను. నేను చెప్పడం పూర్తయ్యేసరికి సీతయ్య అక్కడ లేడు. అడవిదారిన నడక మొదలుపెట్టాడు.

రక్తం చూసే మనిషి ఎప్పటిలాగే పన్నెండింటికి లేచి వెళ్ళాడు. సీతయ్య దవాఖానా వరండాలో ఉండి, మర్నాడు పరీక్ష చేయించుకొని, మందుతో బయలుదేరాడు. బుధవారం సాయంత్రం అతను తండా చేరేసరికి మందు అవసరం తీరిపోయింది. సోమ్లిని అప్పటికే తీసుకుపోయారు.

కమిటీ వెంటనే సమావేశమై రెండు నిమిషాలు మౌనం పాటించింది. ఈ విషాద సమయంలో కూడా సైకిలు క్షేమంగా ఉన్నందుకు సంతృప్తి వెలిబుచ్చింది.

పదిరోజుల తరువాత పద్మావతమ్మకు వణుకు పట్టింది. మూడు దుప్పట్లు కప్పినా మంచం కదిలిపోయింది. ఊళ్ళో దోమలు ఎక్కువయ్యాయని, అందరూ దోమతెరలు వాడాలని సీతయ్య చెప్పిపోయిన సంగతి నాకు గుర్తుంది. నాలుగో రోజు పొద్దున ఆమె నన్ను చూసి, "ఎవరు నాయనా నువ్వు?" అంది.

నేను అధ్యక్షుల ఇంటికి పరిగెత్తాను. ఆయన పళ్ళు తోముకుంటున్నారు.

"సభ పిలవాలంటారా?" అన్నాను.

"సభేంటయ్యా నీ తలకాయ! మన ఇంటి మనిషి. ముందు తాళం తియ్!"

"మరి గోత్రం?"

"గోత్రం నాదేగా. నేను తొక్కమంటున్నా. అయిపోయింది."

ఇంత సులువైన శాస్త్రం ఇన్నాళ్ళూ మాకెవరికీ తట్టలేదు. జకర్యా వచ్చి, పది నిమిషాల్లో టేకు దిమ్మ తీసి అవతల పారేసి, స్ప్రింగు బిగించాడు. సీతయ్యకు కబురు పెడితే వచ్చాడు. పద్మావతమ్మ వేలు పొడిచి, గాజుబిళ్ళ జేబులో పెట్టుకొని సైకిలెక్కాడు. అతను వచ్చేదాకా ఒప్పుకుంటాడో లేదోనని భయపడ్డవాణ్ణి నేను. అతనికి ఆ ఆలోచనే వచ్చినట్టు లేదు.

ఊరి చివర రాళ్ళదిగుడు దాకా వెనక పరిగెత్తి చూశాం. చక్రాలు రాళ్ళ మీద ఎగిరెగిరి పడుతున్నాయి. సీతయ్య మాత్రం పీట మీద కూర్చున్నట్టే ఉన్నాడు. కింద నేలే కదులుతోంది. వాగులోకి దిగి, అవతల ఒడ్డున లేచి, టేకుచెట్ల మధ్య కనిపించకుండా పోయాడు.

"చూసినవా అయ్యా, గిందుకు పెట్టిండ్రు గది" అన్నాడు జకర్యా.

సరిగ్గా ఒంటిగంటకు మందు మా ఇంట్లో ఉంది. మూడో రోజుకు పద్మావతమ్మ లేచి కూర్చుని గంజి తాగింది. జరిగిందంతా చెప్పాను.

"సోమ్లికి జ్వరం వచ్చినప్పుడు ఈ సైకిలు ఎక్కడుందండీ?"

"కచేరీలోనే. మన దోమతెర కింద" అన్నాను. ఆమె గ్లాసు పక్కన పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది.

మందు తెచ్చిన రోజే, అది మా ఇంట్లో ఇచ్చాక, సీతయ్య సైకిలును తనే కచేరీకి నడిపించుకొచ్చాడు. చక్రాల బురద తన తువ్వాలుతో తుడిచి గోడకు ఆనించాడు.

"ఎట్లా పోయింది సీతయ్యా?"

"మంచిగ పోయిందయ్యా. రాళ్ళున్నయని తెల్వనే తెల్వలే." సీటును చేత్తో ఒకసారి నొక్కి వదిలాడు. "తండాకైతే ఎంతసేపు పట్టేదో దారిల లెక్క ఏద్దామనుకున్న. మల్ల వద్దనుకున్న." సంచి భుజానికి తగిలించుకొని నడిచి వెళ్ళిపోయాడు.

సీతయ్యను అప్పుడే వెనక్కి పిలిచి సైకిలు అతని చేతికి ఇచ్చేసి ఉంటానని ఇది చదువుతున్న పెద్దలు అనుకుంటారు. కచేరీకి తాళం వేస్తున్నంతసేపూ నేను కూడా అలాగే అనుకున్నాను.