హానరబుల్ బాడుగారి గడ్డాల దీపం

ఘానా పోలీసు గడ్డానికి చీకటి రోజులు పోయాయని, ఇక అంతా వెలుగేనని క్రమశిక్షణ, చక్కదనాల శాఖ మంత్రి హానరబుల్ బాడుగారు కుమాసిలో ప్రకటించారు. వెలుగంటే మాటవరసకు అన్నది కాదు. వెంట్రుకల్ని వేర్లతో సహా మాడ్చే దీపాలు ఓడ దిగాయి.

ఆ మాట విని కార్పొరల్ బెడియాకో చెంపలు తడుముకున్నాడు. గడ్డం గీస్తే ఉంగరాల వెంట్రుక వెనక్కి తిరిగి చర్మంలోనే గుచ్చుకుని, చెంపల మీద వేరుశనగ గింజలు చల్లినట్టు పొక్కులు లేస్తాయి. గీయకపోతే భుజం మీది పట్టీలు పీకేస్తానన్నాడు సూపరింటెండెంటు. సెర్వా అనే పిల్ల తనతో పెళ్లికి ఒప్పుకున్నదే ఆ పట్టీలు చూసి.

గడ్డం తీయడానికి ఈ దీపం మేలా, ఆసుపత్రుల్లో వాడే లేజర్ మేలా అని తేల్చడానికి మంత్రిగారు నిష్పక్షపాతంగా ఒక కమిటీ వేశారు. అధ్యక్షుడు వారి బావమరిది. కలప వ్యాపారి, నరకడంలో అనుభవం ఉన్నవాడు.

చర్మవ్యాధుల డాక్టర్ డెలాలి కమిటీకి విడమరచి చెప్పింది. "లేజర్‌ది ఒకే రంగు కిరణం. మన చర్మానికి తగినది ఎంచుకుంటే నేరుగా వెంట్రుక వేరు దగ్గరికి పోతుంది. ఈ దీపం రంగులన్నీ కలిపి కుమ్మరిస్తుంది. నలుపు ఎక్కడుంటే అక్కడ అంటుకుంటుంది. వెంట్రుకా నలుపే, మనమూ నలుపే కదండీ!"

"అంటే లేజర్‌కి ఒక్కటే రంగు, దీపానికి అన్నీనా?" అన్నాడు బావమరిది. "మరి ఇంకా పోల్చడానికేముందమ్మా?"

దీపాలమ్మే క్లాస్నర్ దొర చొక్కా చేతులు మడిచాడు. తెల్లటి ఎడమచేతి మీద నల్లటి బొచ్చు, దీపం పెట్టుకున్న కుడిచెయ్యి నున్నగా గుడ్డులా. కమిటీ ఆ చేతిని వంతులవారీగా నిమిరి చప్పట్లు కొట్టింది.

ప్రారంభోత్సవం నాడు డప్పులు మోగాయి. మంత్రిగారి బొమ్మ అచ్చేసిన బట్టలు కట్టి ఆడవాళ్లు వరసలు తీరారు. ఊరిపెద్ద నానా, ఆయన మాటను జనానికి అందించే వాక్కుదారు వేంచేశారు. బెడియాకోను కుర్చీలో కూర్చోబెట్టి చెంపకు దీపం ఆనించారు. దీపం ఎర్రగా మెరిసి కీచుమంది.

"ముదురు చర్మమైతే వెలగనంటోందండీ" అని గొణిగాడు క్లాస్నర్.

"పరాయి ఊరు, మొహమాటపడుతోంది" అన్నారు మంత్రిగారు. "నానా చేత ఓ మాట అడిగించండి."

వాక్కుదారు బంగారు పిడి కర్ర ఎత్తి దీపం ముందు నిలబడ్డాడు. "అమ్మా దీపమా! నానా నీ క్షేమం అడుగుతున్నారు. దూరం నుంచి వచ్చావు, అలసిపోయి ఉంటావు. ఈ కుర్రాడి చెంప నీది అనుకో తల్లీ."

దీపం మళ్లీ కీచుమంది.

ఈలోగా ఆడవాళ్లకు ఓపిక పోయింది. గెలిచినవాడి మీద తెల్లపొడి చల్లడం ఆనవాయితీ. విజయం కార్యక్రమ పత్రంలో ముందే అచ్చయింది కూడా. డబ్బాలకు డబ్బాలు టాల్కం పౌడరు బెడియాకో ముఖాన గుమ్మరించారు. దీపం ఆ తెల్లదనాన్ని చూసి, మురిసి, ఆకుపచ్చగా వెలిగింది.

ఫట్!

"ఎలా ఉంది కార్పొరల్?" అన్నారు మంత్రిగారు.

"వెలుగు... బాగా... తగిలింది సార్" అన్నాడు బెడియాకో, కళ్లనీళ్లతో. అవి ఆనందబాష్పాలని మర్నాడు పత్రికలు రాశాయి. లేజర్ ఓడిపోయిందని కమిటీ తేల్చింది. పౌడరు సరఫరా కాంట్రాక్టు బావమరిదికి దక్కింది.

బెడియాకో చెంపలు బొబ్బలెక్కాయి. బొబ్బల మీద కత్తి ఆడదు కాబట్టి గడ్డం గుబురుగా పెరిగింది.

"ప్రభుత్వం దీపమిస్తే గడ్డం పెంచుతావురా? సోమవారానికి పోకపోతే పట్టీలు పోతాయి!" అన్నాడు సూపరింటెండెంటు.

మందు రాయించుకుందామని బెడియాకో డాక్టర్ డెలాలి ఆసుపత్రికి పెరటి దారిన వెళ్లాడు. తెర తొలగించాడు. బల్ల మీద, కళ్లకు నల్లటి గంతలతో, గడ్డం పైకెత్తి హానరబుల్ బాడుగారు పడుకుని ఉన్నారు.

"డాక్టరమ్మా, ఇది లేజరే కదా? ఆ దీపం కాదు కదా?"

"లేజరే, హానరబుల్. కదలకండి."

"తెర దగ్గర ఎవరది?"

"కార్పొరల్ బెడియాకో, సార్!"

"ఊఁ... నువ్వా? చెంపలెలా ఉన్నాయి?"

బెడియాకో ఆ గంతల వైపు చూశాడు. తన గుబురు గడ్డం తడుముకున్నాడు. మడమలు కలిపి సెల్యూట్ కొట్టాడు.

"నున్నగా ఉన్నాయి సార్!"

"శభాష్! నీ పట్టీల మీద చెయ్యి వేయొద్దని సూపరింటెండెంటుకి చెప్తాను. విన్నారా డాక్టరమ్మా? అదీ మన దీపం! ఊఁ, కానివ్వండి, ఎడమ వైపు ఇంకా మిగిలే ఉంది."