లిఫ్టులో కొత్త మాట

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, ఒక్క మాట ఎంత పని చేసిందో చెబుతాను.

ఆరంతస్తుల ఆఫీసులో ఒక పెద్దాయన లిఫ్టు నడిపేవాడు. తలుపు లాగాలన్నా, పిడి తిప్పాలన్నా ఆయనే. మీటలు నొక్కితే నడిచే లిఫ్టు పెట్టి ఆయన్ని ఇంటికి పంపాలా వద్దా అన్నది ఆ రోజు యజమాని వచ్చి తేలుస్తాడట. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వస్తే ఉంచుతారేమోనని పెద్దాయన ఆశ. పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ కోడల్ని అడిగాడు.

"అమ్మాయ్, బరువైన మాట ఒకటి చెప్పు."

"ఇనెవిటబుల్, మామయ్యా. ఎవరు అడ్డం పడ్డా జరిగి తీరేది. పొద్దు గుంకడం ఇనెవిటబుల్. చొక్కా మాడడం కాదు, అటు చూడండి!"

చొక్కా అప్పటికే మాడింది. మాట మాత్రం మనసులో నాటుకుపోయింది. లిఫ్టులో మొదట ఎక్కిన టైపిస్టుతో ఆయన గంభీరంగా అన్నాడు.

"రెండో అంతస్తు దగ్గర కుదుపు ఇనెవిటబుల్, అమ్మా."

రోజూ ఉండే కుదుపే అది. అయినా టైపిస్టు గుండె గుభేలుమంది. దిగీ దిగగానే గుమాస్తాతో, "లిఫ్టుకి ఏదో తప్పదటండీ" అంది. గుమాస్తా మేనేజరు చెవిన వేసేసరికి లిఫ్టు తెగిపడడం ఖాయమైపోయింది. మేనేజరు పరుగున వచ్చాడు.

"ఏమయ్యా, నిజమేనా?"

ఏది నిజమో పెద్దాయన ఆరా తీయలేదు. తల పంకించి, "ఇనెవిటబుల్, సార్" అన్నాడు.

ఇంకేముంది, ఆఫీసంతా మెట్లెక్కింది. యజమాని వచ్చేసరికి మెట్ల నిండా రొప్పులూ, ఆయాసాలూ. లిఫ్టులో మాడిన చొక్కాతో పెద్దాయన ఒక్కడే తలుపు తెరిచి నిలబడ్డాడు.

"పడిపోతుందన్నావటగా! మరి నువ్వెందుకున్నావ్ లోపల?" అన్నాడు యజమాని.

ఉద్యోగం ఊడిందనే అనుకున్నాడు పెద్దాయన. కొత్త మాట నోటికి రాలేదు.

"నా డ్యూటీ కదండీ" అన్నాడు.

యజమానికి మోకాళ్ళ నొప్పులు. మెట్లకేసి ఒకసారి, పెద్దాయనకేసి ఒకసారి చూసి, కళ్ళు మూసుకుని లిఫ్టెక్కాడు. రెండో అంతస్తు దగ్గర కుదుపు రాగానే యజమాని గబుక్కున పెద్దాయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పైదాకా వదల్లేదు. దిగాక మేనేజరును పిలిచాడు.

"కొత్త లిఫ్టు వద్దు. పట్టుకుందామంటే మీటలకి చెయ్యెక్కడిది?"

సాయంత్రం సంగతంతా విని కోడలు నిట్టూర్చింది. "మీ ఉద్యోగం నిలవడం ఇనెవిటబుల్ కాదు మామయ్యా, వట్టి అదృష్టం."

ఈ మాట గుర్తుపెట్టుకుని మీవాళ్ళకీ చెప్పండి. చెప్పేముందు ఇస్త్రీపెట్టె మాత్రం పక్కన పెట్టండి.