అన్ని కేసుల్లోనూ ప్రభుత్వం నాన్నే

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు: నానమ్మ, అమ్మ, సెలవు పెట్టిన నాన్న, ఆఫీసుకు బయలుదేరుతున్నట్టు కనిపిస్తున్న అన్నయ్య, వెనక గదిలో తలుపు దగ్గరగా వేసుకుని చదువుకుంటున్న గొణుగుడు. ఆ పేరు అన్నయ్య పెట్టిందే. గట్టిగా మాట్లాడటం ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. ఎదురుగా మనిషి ఉంటే చాలు, మాట గొంతులోనే ఆగిపోతుంది.

పదకొండింటికి ఆమెకు మౌఖిక పరీక్ష. రాత పరీక్ష బాగానే గట్టెక్కింది. ఇక పెద్దవాళ్ల ముందు నిలబడి, పౌర స్వేచ్ఛల మీద కోర్టులిచ్చిన పేరుమోసిన తీర్పుల గురించి మాట్లాడాలి. అప్పుడే న్యాయ కళాశాలలో సీటు. "ఇదే ఆఖరు. రాకపోతే ఇక చదువు మాటెత్తకు" అని నాన్న ముందే చెప్పేశాడు.

ఏ కేసులో ఎవరికి అన్యాయం జరిగిందో ఆమెకు ఒక పట్టాన గుర్తుండేది కాదు. అందుకని ఒక్కో కేసులో ఇంట్లోవాళ్లను ఒక్కొక్కరిని కూర్చోబెట్టుకుంది. కారణం చెప్పకుండా నిర్బంధించిన కేసులో నానమ్మ. ఫోను సంభాషణలు దొంగచాటుగా విన్న కేసులో అన్నయ్య. ప్రభుత్వం మాత్రం అన్ని కేసుల్లోనూ నాన్నే. ఆ పాత్రకు ఇంకెవరూ నప్పలేదు.

కళ్లజోడు కోసం వచ్చిన నానమ్మ తలుపు దగ్గర ఆగిపోయింది. లోపలి నుంచి సన్నగా మాటలు వినిపిస్తున్నాయి.

"నాన్న నానమ్మని గదిలో పెట్టి తాళం వేశాడు. ఎందుకో చెప్పలేదు. వేళకి అన్నం పెడుతున్నానన్నాడు. అన్నం పెట్టినంత మాత్రాన..."

నానమ్మ కళ్లజోడు సంగతి మరిచిపోయి వంటింట్లోకి వెళ్లింది.

"ఏమ్మా, నన్ను గదిలో పెట్టి తాళం వేద్దామనుకుంటున్నారా? అన్నం మాత్రం పెడతారట, ఎంత దయో!"

"ఎవరన్నారత్తయ్యా?"

"నీ కూతురే. అది అబద్ధాలాడదు. అసలు మాట్లాడితేగా, అబద్ధమాడటానికి!"

అమ్మ చేతులు తుడుచుకుంటూ అదే తలుపు దగ్గరికి వెళ్లింది. ఈలోగా లోపల పాఠం మారింది. "నాన్న అన్నయ్య ఫోన్లన్నీ రహస్యంగా విన్నాడు. ఎవరితో ఏం మాట్లాడాడో మొత్తం రికార్డయింది."

అమ్మ గబగబా ముందుగదిలోకి వెళ్లింది. బూట్లు తొడుక్కుంటున్న అన్నయ్య చెవిలో విషయం వేసింది. అన్నయ్య రెండో బూటు వదిలేశాడు. ఒక కాలికే బూటుతో తిన్నగా నాన్న దగ్గరికి వెళ్లాడు.

"ఎలాగూ విన్నావు కదా నాన్నా. ఉద్యోగం పోయిన మాట నిజమే. నెల నుంచి పార్కులో కూర్చుని ఇంటికొస్తున్నాను."

నాన్న అంతవరకూ ఏమీ వినలేదు. ఇప్పుడు విన్నాడు.

ఇల్లు దద్దరిల్లింది. నీకెవరు చెప్పారంటే నీకెవరు చెప్పారనుకుంటూ, చివరికి అన్ని వేళ్లూ వెనక గది వైపు తిరిగాయి. నాన్న తలుపు తోసుకుని లోపలికొచ్చి పరుపు ఎత్తి చూశాడు. పుస్తకాలు దులిపాడు.

"ఇంకా ఏమేం పుట్టిస్తున్నావే ఇక్కడ కూర్చుని?"

ఆమె గోడకు ఆనుకుని నిలబడిపోయింది. అనుమతి లేకుండా సోదా చేయడం తప్పని చెప్పే తీర్పు ఆమెకు తెలుసు. అది గొంతు దాకా వచ్చి కూర్చుంది.

"నోరు విప్పవేం? మాట్లాడటం లేదంటే ఒప్పుకున్నట్టే."

మౌనం నేరాన్ని ఒప్పుకోవడం కాదని చెప్పే తీర్పు కూడా ఆమెకు కంఠతా వచ్చు. అదీ కంఠం దాటలేదు.

"ఇవాళ నువ్వు గడప దాటడానికి వీల్లేదు" అన్నాడు నాన్న.

వీధి చివర ఆమె ఎక్కాల్సిన బస్సు ఆగి, వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది. రాబోయే ఏళ్లన్నీ ఈ గోడకు ఆనుకునే గడిచిపోతాయని ఆమెకు ఖాయంగా తోచింది. ఇక పోగొట్టుకోవడానికి ఏమీ మిగలలేదు.

"ఎందుకు?" అంది.

"ఏంటీ?"

"ఎందుకు ఆపుతున్నావో చెప్పు నాన్నా! కారణం చెప్పకుండా ఎవర్నీ ఆపకూడదు. నా వస్తువులు వెతికేముందు నన్నడగాలి. నేను మాట్లాడకపోతే తప్పు చేసినట్టు కాదు, భయపడినట్టు!"

ఆ వెనకే తీర్పులన్నీ ఒకదాని మీద ఒకటి దొర్లుకుంటూ వచ్చాయి. ఎవరిని ఏ కేసులో ఎందుకు కూర్చోబెట్టిందో కూడా చెప్పేసింది. ఒక్కచోట కూడా తడబడలేదు. తాను తిరగేసిన పరుపు మీదే నాన్న కూలబడ్డాడు.

"ఇంత మాట్లాడతావా నువ్వు!" అన్నాడు మెల్లగా. "పద, స్కూటర్ మీద దింపుతాను."

"ఉండరా, నాకు సగమే వినిపించింది" అంది నానమ్మ. "ఒసేయ్, ఇంతకీ నేను గెలిచానా?"

"గెలిచావు నానమ్మా."

"వీడికేం శిక్ష వేశారు? మొదటి నుంచీ చెప్పు."

ఆమె మొదటి నుంచీ చెప్పింది. అన్నయ్య తన కేసు కూడా ఇంకోసారి చెప్పించుకున్నాడు. అమ్మ గుమ్మంలో చిన్నబుచ్చుకుని నిలబడింది. "అందరికీ ఉన్నాయి. నాకొక్క కేసైనా లేదా?" అంది. అమ్మకోసం అప్పటికప్పుడు ఒకటి వెతకాల్సి వచ్చింది.

స్కూటర్ పరీక్ష భవనం చేరేసరికి వరండా ఖాళీ. బంట్రోతు తలుపు వేస్తున్నాడు.

"అందరివీ అయిపోయాయమ్మా. ఇక ఎవర్నీ పంపొద్దన్నారు."

ఆమె వెనక్కి తగ్గలేదు. చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా ఎవరికీ ఏదీ కాదనకూడదని మొదలుపెట్టి, పొద్దున్నుంచి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. గొంతు వణకలేదు. బంట్రోతు తలుపు మీద చెయ్యి వేసుకుని, మధ్యలో ఒక్కసారైనా అడ్డు రాకుండా చివరిదాకా విన్నాడు. కండువాతో కళ్లొత్తుకున్నాడు.

"ఎంత బాగా చెప్పావు తల్లీ! లోపలికెళ్లినవాళ్లలో ఒక్కళ్లు కూడా ఇంత బాగా చెప్పలేదు" అని, నెమ్మదిగా తలుపు వేశాడు.

తన వాదన ఎవరూ వినలేదని అనడానికి కూడా లేకుండా పోయింది.