ఇంటిపేరు అడిగిన సిపాయి

ఒక పెద్ద అడవిలో, వాగుకి ఇవతల, గంగులు అనే ముళ్ళపంది కాపురముండేది. వానొస్తే చాలు, గంగులు బొరియ నిండా నీళ్ళే. పిల్లల్ని పడుకోబెట్టుకోడానికి ఒక పొడి బొరియ కావాలి, అంతే అతని కోరిక.

ఒకరోజు ఏజెంటు నక్క వచ్చింది.

"వాగవతల పులిదొరల సైన్యంలో చేరు గంగులూ. మూడేళ్ళు చేస్తే పౌరసత్వం, గుట్టమీద బొరియ!"

"యుద్ధమేమైనా ఉందా అన్నా?"

"పులి పేరు వింటే ఎవడొస్తాడు యుద్ధానికి? నీది వంటశాల కాపలా."

నక్క చాపిన ఒప్పందం ఆకుమీద పులిభాషలో ఏదో గీసి ఉంది. గంగులు దేవుడికి దండం పెట్టుకుని కాలిముద్ర వేశాడు.

"చదవకుండానే?" అంది భార్య నీలమ్మ.

"నక్కన్న చదివాడుగా."

వారం తిరక్కుండా ముందు వరసలో నిలబెట్టారు.

"దొరా, నాది వంటశాల..."

"ముందు బతుకు, తర్వాత వండుదువుగాని," అంది సేనాని పులి, చెట్టునీడలోంచి.

"మరి తమరు రారా?"

"మేం సొంత దేశంవాళ్ళం. మేం పోతే దేశాన్ని ప్రేమించేదెవరు?"

చిరుతల సైన్యం ఎదురొచ్చింది. అక్కడా ముందు వరస ముళ్ళపందులే! ఆ జాతి వెనక్కి నడిచి వీపుతో పొడుస్తుంది కనక ఒకరి మొహం ఒకరికి కనపడదు. వీపుకీ వీపుకీ మధ్య జానెడే మిగిలింది. అయినా కొత్తవాళ్ళని ఇంటిపేరు అడక్కుండా గంగులు నోరెప్పుడూ ఊరుకోలేదు.

"ఎవరింటివాడివి నాయనా?"

"దుంపలవాళ్ళం. వాగు పక్క పెద్ద అడవే."

"ఓరి! మా మేనత్తనిచ్చింది మీ ఇంటికే. చుక్కమ్మ నీకేమవుతుంది?"

"నాయనమ్మ! అయితే నువ్వు నాకు మామవి!"

"నిన్నిక్కడికి ఎవరు తెచ్చార్రా?"

"నక్క. వంటశాల కాపలా అన్నాడు మామా."

ఆ చివరినుంచి ఈ చివరిదాకా చుట్టరికాలు బయటపడ్డాయి. కొందరు కూర్చుని పెళ్ళి సంబంధాలు కూడా మొదలెట్టారు.

"పొడవండి!" అని గర్జించింది పులి.

"అల్లుణ్ణెలా పొడిచేది దొరా? రేపు శుభకార్యానికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

ముళ్ళపందులన్నీ ఇళ్ళదారి పట్టాయి. మైదానంలో పులులూ చిరుతలూ ఎదురెదురుగా మిగిలాయి. ఆ క్షణమే రెండు పక్షాలకీ శాంతి మీద అపారమైన గౌరవం పుట్టుకొచ్చింది.

గంగులు ప్రాణాలతో తడి బొరియకే చేరాడు. పిల్లల్ని తడుముకుని, దేవుడికి దండం పెట్టుకున్నాడు.

దొరలు రాసుకున్న ఒప్పందంలో ఉన్నది ఒకే షరతు: ఇకమీదట ఇద్దరూ ఒకే అడవినుంచి సిపాయిల్ని తెచ్చుకోరాదు.

నీతి: యుద్ధం సజావుగా సాగాలంటే, చచ్చేవాళ్ళు ఒకరికొకరు ఏమవుతారో వాళ్ళకి తెలియనివ్వకూడదు.