జనరల్ గారికి కుర్చీ

హోటళ్లలోకి కుక్కలను రానివ్వాలా వద్దా అని పట్నంలో పెద్దలు తెగ వాదించుకుంటున్నారట. పత్రికలకు ఉత్తరాలు కూడా రాస్తున్నారట. పాపం, వాళ్లలో ఒక్కరైనా తాండూరు వచ్చి కనుక్కుంటే ఎంత సిరా మిగిలేది! రానివ్వాలి. నిక్షేపంగా రానివ్వాలి. రానిచ్చి మూలన నిలబెడితే చాలదు, కుర్చీ వేసి కూర్చోబెట్టాలి.

ఏం, కుక్కకేం తక్కువ? హోటలుకు వచ్చే మనిషిని చూడండి. ఒక్క చాయ్ చెప్పి, ముగ్గురి చోటు తానే ఆక్రమించి, పేపరు మొదటి పేజీ నుంచి జుట్టునూనె ప్రకటనల దాకా గంటన్నర చదువుతాడు. చట్నీ మూడుసార్లు అడుగుతాడు. పాన్ నమిలి గోడకు రంగేస్తాడు. చెయ్యి కడుక్కుని కిటికీ తెరకు తుడుస్తాడు. కుక్క ఇవేవీ చెయ్యదు. చక్కెర తక్కువైందని గొణగదు. నిన్నటి వడ అని వాసన పట్టి కూడా మర్యాదగా తింటుంది. ఇంతకన్నా మంచి కస్టమర్ ఎక్కడ దొరుకుతాడు?

ఈ సంగతి దేశంలో అందరికన్నా ముందు కనిపెట్టింది తాండూరు స్టేషన్ రోడ్డులోని రాధాకిషన్ సేటు హోటలు. అందుకు సాక్షి సేటు భార్య పుష్పమ్మ. వంటింటికీ ముందు హాలుకూ మధ్య వేలాడే తెర వెనకనుంచి ఆమె అన్నీ చూసింది. పదేళ్లుగా ఆ హోటల్లో ఖర్చయిన ప్రతి గిన్నెడు చట్నీ ఆమె రుబ్బిందే. తెర దాటి హాల్లోకి మాత్రం ఎన్నడూ రాలేదు. ఇంటి ఇల్లాలు నలుగురు మగవాళ్లకు కనబడితే పరువు పోతుంది కదా! కనబడకుండా ఎంత రుబ్బినా ఏమీ పోదు, నడుము తప్ప.

ఇక కుక్కగారి సంగతి. యాలాల్ దగ్గర నాపరాతి గనులున్న రాజేందర్ పటేల్ దాన్ని సికింద్రాబాదులో దేశం విడిచిపోతున్న ఒక తెల్లదొర దగ్గరినుంచి తెచ్చుకున్నాడు. పేరు జనరల్. దానికి ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. పటేల్‌కు ఇంగ్లీషులో వచ్చిన నాలుగు ముక్కలూ దానితో మాట్లాడటానికి నేర్చుకున్నవే. గురువారం గురువారం బండలు రైలుకు ఎత్తించడానికి వచ్చి, పని అయ్యాక పటేల్ రాధాకిషన్ హోటల్లో టిఫిన్ చేసేవాడు. మొదటిసారి జనరల్‌ను వెంటబెట్టుకు వచ్చిన రోజు రాధాకిషన్ చేతులు నలుపుకుంటూ, బయట స్తంభానికి కట్టేస్తే బాగుంటుందేమో అన్నాడు. పటేల్ ఎదురుగా కొత్తగా వెలిసిన ఉడిపి హోటలు వైపు ఒక్క చూపు చూశాడు. ఆ చూపు చాలు.

కానీ మైల సంగతి తేలాలి కదా? అది తేల్చవలసినవాడు శంకరప్ప. కందుల కమీషన్ వ్యాపారి, బజారుకు పెద్ద. ఏది అంటొచ్చు, ఏది అంటకూడదు అన్న విషయంలో ఆయన మాటకు తిరుగులేదు. గోడవార టేబుల్ ఆయన సొంతం లాంటిది. ఆయన జనరల్‌ను కిందనుంచి పైదాకా చూసి, కన్నడ యాస కలిసిన తెలుగులో తీర్పు చెప్పాడు.

"కుక్కకు కులం లేదు. కులమే లేనిదానికి మైల యాడికెల్లి వస్తది? కూసోనియ్యి."

హాలంతా తలలూపింది. కాలభైరవుడి వాహనం కదా అని ఇంకెవరో అందించారు. కిటికీ పక్కన కుర్చీ వేశారు. సాసర్లో చాయ్ పోసి, పక్కన బిస్కెట్ పెట్టారు. జనరల్ ముందుకాళ్లు టేబుల్ అంచున ఆనించి ఎంత చక్కగా తాగిందనుకున్నారు! చప్పుడు కూడా శంకరప్ప కన్నా తక్కువే.

ఆ కిటికీ కిందే, బయటి గోడలో ఒక గూడుంది. అందులో పిడి విరిగిన కప్పులు నాలుగు. ఊరి బయటి వాడలవాళ్లు చాయ్ కావాలంటే ఆ కప్పు తీసి పట్టుకోవాలి. సేటు అంటకుండా పైనుంచి పోస్తాడు. నేలమీద కూర్చుని తాగి, తామే కడిగి, తామే బోర్లించాలి. ఇట్లాంటివి నేరమని చట్టం వచ్చి మూడేళ్లయింది. అడిగితే రాధాకిషన్, కప్పులు ఎక్కువై గూట్లో పెట్టామనేవాడు.

ఆ కప్పుతో చాయ్ తాగేవాళ్లలో మార్త ఒకరు. వికారాబాదులో ఉండే నర్సు, అందరికీ నర్సమ్మ. వాడలో పుట్టి, చదువుకుని, పదహారేళ్లుగా పెద్దేముల్ నుంచి కుల్కచర్ల దాకా కాన్పులు చేస్తోంది. పుష్పమ్మకు ఆమె దేవుడు పంపిన మనిషి. ఎందుకంటే పుష్పమ్మకు మొదటి బిడ్డ ఊపిరి లేకుండా పుట్టింది. రెండో బిడ్డ మూడు రోజులే బతికింది. ఇప్పుడు మూడోసారి, ఎనిమిదో నెల. పొట్ట నొక్కి చూసి మార్త, బిడ్డ అడ్డం ఉందని చెప్పింది.

"ఫికర్ జెయ్యకు పుష్పమ్మా. ఇంకా దినాలున్నయి, తిరుగుతది. వారం వారం వచ్చి చూస్త. నొప్పులొస్తే మాత్రం ఎవ్వరినీ చెయ్యి పెట్టనియ్యకు. నన్ను పిలిపియ్యి."

ఆమె గురువారం రైలు దిగి, వెనక సందులోంచి వచ్చి, పుష్పమ్మను చూసి వెళ్లేది. వెళ్లగానే రాధాకిషన్ మంచం మీద చెంబెడు నీళ్లు చల్లేవాడు. ఆమె చెయ్యి పుష్పమ్మ పొట్టకు తగిలితే దోషం లేదు, అదే చెయ్యి పిడి ఉన్న కప్పుకు తగిలితే దోషం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మైల ఉండదు, చాయ్ దగ్గర ఉంటుంది. ఇదీ శంకరప్ప తీర్పే.

ఒక గురువారం పుష్పమ్మ తెర సందులోంచి చూస్తుండగా, కిటికీ అవతల మార్త గూట్లోంచి కప్పు తీసుకుంది. తల ఎత్తింది. కిటికీ ఇవతల కుర్చీలో జనరల్. దాని రెండు చెవుల మధ్యనుంచి పుష్పమ్మకు మార్త ముఖం కనిపించింది. ఆ ముఖంలో కోపం లేదు. జనరల్ సాసరు నాకుతుంటే కాసేపు అట్లా చూసి, మార్త కప్పును మళ్లీ గూట్లో బోర్లించి స్టేషన్ వైపు వెళ్లిపోయింది.

మరుసటి గురువారం రాలేదు.

సాయంత్రం రైలు కూడా వెళ్లిపోయాక పుష్పమ్మ రోలు దగ్గరినుంచి లేచింది. మగని ఎదుట నిలబడి మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు. అయినా నిలబడింది.

"కుక్కకు కుర్చీ ఏసిండ్రు. నా కడుపుల బిడ్డను బతికిచ్చేటామెకు ఎయ్యరాదా? ఇద్దరిని మట్టిల పెట్టినం. మూడోదాన్ని శంకరప్ప వచ్చి తీస్తడా?"

బజారు ఊరుకుంటుందా, గిరాకీ ఎటు పోతుంది అని రాధాకిషన్ ఏదో సర్దబోయాడు. పుష్పమ్మ వినలేదు. మర్నాడు రోలు దగ్గరికి పోలేదు. హోటల్లో చట్నీ లేదు. చట్నీ లేని దోసె ముందు శంకరప్ప అంతటివాడు దిక్కులు చూస్తుంటే, రాధాకిషన్ వికారాబాదు రైలెక్కాడు.

మార్త అతనికి కుర్చీ వేసిందట. గ్లాసుతో నీళ్లిచ్చిందట. ఆ నీళ్లు అతను తాగలేదు. అది చూసి కూడా ఆమె కాదనలేదు. వస్తానంది, ఒక్క మాట పెట్టింది: "వస్త సేటూ. ముందుగాల మీ హోటల్ల కూసొని చాయ్ తాగుత. గప్పుడు లోపలికొస్త. నాకు మొక్కులొద్దు, కుర్చీ గావాలె."

రాధాకిషన్ ఉపాయశాలి. జనం రాకముందే, పొద్దున్నే మొదటి రైలుకు ఆమెను రప్పించి, ఒక్క గుక్కలో తాగించి, లోపలికి పంపేద్దామనుకున్నాడు. ఆ గురువారం రైలు రెండున్నర గంటలు ఆలస్యం! మార్త మెట్టెక్కేసరికి హాలు కిటకిటలాడుతోంది. గోడవార శంకరప్ప. కిటికీ పక్కన పటేల్, ఆయన ఎదుట కుర్చీలో జనరల్. ఇంకో ఖాళీ కుర్చీ లేదు.

పటేల్‌కు ఇది తమాషాగా తోచింది. నవ్వుతూ ఇంగ్లీషులో ఒక ముక్క విసిరాడు. జనరల్ కిందికి దిగింది. "రా నర్సమ్మా, మా జనరల్ లేసిండు. కూసో," అన్నాడు. నిజంగా కూర్చుంటుందని ఆయన అనుకోలేదు.

మార్త కుర్చీ దగ్గరికి వెళ్లి ఆగింది.

"సేటూ, జర కుర్చీ కడిగియ్యి. కుక్క కూసున్నది."

రాధాకిషన్ అటు శంకరప్పను చూశాడు, ఇటు తెర వైపు చూశాడు. తెర పక్కకు జరిగి ఉంది. పుష్పమ్మ నిండు పొట్టతో గుమ్మంలో నిలబడి ఉంది, పదిమంది మగవాళ్ల ఎదుట. అన్నాళ్లూ మార్త వెళ్లాక చల్లిన చెంబే తీసుకుని, రాధాకిషన్ మార్త కూర్చోవడానికి కుర్చీ కడిగాడు. తువ్వాలతో తుడిచాడు. ఆమె కూర్చుంది. పిడి ఉన్న కప్పులో చాయ్ వచ్చింది.

శంకరప్ప లేచాడు. ఆయన వెనక పక్క టేబుల్ లేచింది, దాని వెనక ఇంకొకటి. చివరికి పటేల్ కూడా లేచాడు, నవ్వు మధ్యలో ఆపేసి. ఎవరి కప్పులు వాళ్లు సగంలో వదిలేశారు. ఖాళీ హాల్లో మార్త బిస్కెట్ విరిచి సగం కింద వేసింది. జనరల్ తిని, ఆమె కాళ్ల దగ్గరే పడుకుంది. ఆ పూట ఆమె పక్కన ఉండటానికి అభ్యంతరం లేనిది దానికొక్కదానికే. కులం తెలియని జీవి మరి! పటేల్ కాలర్ పట్టి ఈడ్చుకుపోవలసి వచ్చింది.

ఆ సాయంత్రమే శంకరప్ప దుకాణంలో బజారు పెద్దలు కూర్చున్నారు. తప్పు ఎక్కడ జరిగిందో వెతికారు. వెతికితే దొరకనిదేముంది? తప్పంతా కుక్కది! కుక్క కూర్చోకపోతే ఇంకెవరికీ కూర్చోవాలన్న ఆలోచనే రాకపోవును. మరేం చేద్దాం? బోర్డు రాయిద్దాం. ఏమని? ఒకాయన ఉన్నదున్నట్టే రాయించమన్నాడు. శంకరప్ప వారించాడు. ఆ మాట గోడమీద రాస్తే పోలీసు అమీన్ వస్తాడు, చట్టం ఒకటి ఏడ్చింది కదా. కుక్కలని రాస్తే చాలు, అర్థం కావలసినవాళ్లకు అదే అర్థమవుతుందన్నాడు.

బోర్డు శంకరప్పే రాయించి తెచ్చాడు. ఎర్ర అక్షరాలతో, "కుక్కలకు లోపలికి ప్రవేశం లేదు" అని. అది ద్వారం పైన ఎక్కిన పూటే గిరాకీ తిరిగొచ్చింది. పటేల్ అలిగి జనరల్‌తో సహా ఉడిపి హోటలుకు మారిపోయాడు. రాధాకిషన్ మార్తకు కబురు పంపాడు: బతిమాలుకుంటున్నాను, ఇకముందు మునుపటిలాగే వెనక సందునుంచి రమ్మని.

పది రోజుల తర్వాత, పొద్దున ఎనిమిదింటికి, పుష్పమ్మకు నొప్పులు మొదలయ్యాయి. రాధాకిషన్ మనిషిని వికారాబాదుకు పరుగెత్తించి, తాను స్టేషన్లో నిలబడ్డాడు. మధ్యాహ్నం రైలుకు మార్త దిగింది. వెనక సందు వైపు చెయ్యి చూపిస్తే ఆమె చూడలేదు. సంచీ చంకన పెట్టుకుని తిన్నగా ముందు ద్వారం దగ్గరికి వచ్చింది. తలెత్తి బోర్డు చదివింది. ఒక్కొక్క అక్షరం చదివింది. చదివి, టేబుళ్ల మధ్యనుంచి నడిచి, తెర ఎత్తి లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత మూడు గంటలు పుష్పమ్మకు హోటలూ తెలియదు, బజారూ తెలియదు. మార్త చేతులు తెలుసు, మార్త గొంతు తెలుసు. బిడ్డ తిరిగే ఉంది. బయటికొచ్చి, ఒక్క క్షణం ఊరుకుని, అప్పుడు ఏడ్చింది. ఎంత గట్టిగా ఏడ్చిందంటే హాల్లో చాయ్ తాగుతున్నవాళ్లంతా తలలెత్తారు. ఆడపిల్ల. రాధాకిషన్ గల్లా పెట్టె మీద తల ఆనించి, భుజాలు కదిలేలా ఏడ్చాడు.

మార్త తల్లినీ బిడ్డనూ శుభ్రం చేసి, చేతులు కడుక్కుని, ముందు హాల్లోకి వచ్చింది. ఖాళీగా ఉన్న కుర్చీ శంకరప్ప ఎదుటిదే. అందులో కూర్చుంది.

లోపల మంచం మీద పుష్పమ్మ బిడ్డను పక్కలోకి తీసుకుని చెవులు రిక్కించింది.

"బోర్డు చూడలేదా నర్సమ్మా?" శంకరప్ప గొంతు.

"చూసిన అప్పగారూ. కుక్కలు రావద్దని రాసిండ్రు. నాకు చదువొస్తది." ఆ తర్వాత రాధాకిషన్‌తో కాబోలు, "సేటూ, చాయ్ తే. బిడ్డ మంచిగుంది," అంది.

శంకరప్ప లేచిపోదామంటే, ఆ బోర్డు కుక్కల కోసం కాదని పదిమందిలో ఒప్పుకున్నట్టవుతుంది. కూర్చుందామంటే ఎదుట మార్త. ఇంకేమంటాడో, ఆ బోర్డు ఎవరికోసమో ఆ నోటితోనే చెబుతాడేమోనని పుష్పమ్మ చాలాసేపు ఎదురుచూసింది. శంకరప్ప చాయ్ తాగుతున్న చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు.