జవాబు బల్లమీద ఉంచడమైనది

ఇకమీదట సభలో వేసిన ఏ ప్రశ్నా జవాబు లేకుండా మిగలదని ప్రభుత్వం ప్రకటించింది. ప్రశ్న పెట్టెలో పడిన ఇరవై నాలుగు గంటల్లో సంబంధిత మంత్రి లేచి నిలబడి జవాబు చెబుతారు. ఇలాంటి ఏర్పాటు ప్రపంచంలో ఇంకెక్కడా లేదని ఆ ప్రకటనలోనే రాసి ఉంది. కాబట్టి నిజమే అయి ఉండాలి.

అంతకుముందు ఒక్కో ప్రశ్నకు మూడు నెలలు పట్టేది. ఎందుకు పడుతోందో తేల్చడానికి కమిటీ వేశారు. కమిటీ ఏడాదిన్నర కష్టపడి, ప్రశ్నలను చదవడం వల్లే జాప్యం జరుగుతోందని కనిపెట్టింది. చదివితే అర్థమవుతుంది. అర్థమైతే ఇది మాది కాదంటే మాది కాదని రెండు శాఖలు పేచీ పెట్టుకుంటాయి. అందుకని ప్రశ్నలో ఒకే ఒక్క మాట చూసి, ఆ మాట ఏ శాఖదైతే ఆ శాఖకు పంపేయాలని సిఫారసు చేసింది. దీనికి కీలకపద విధానం అని పేరు పెట్టారు. పేరు పెట్టాక ఇక ఆపేదెవరు?

మాటల జాబితా ఒకటి అచ్చువేయించి ప్రశ్నల విభాగం గదిలో తలుపు వెనక గోడకు అంటించారు. మొత్తం నలభై రెండు మాటలు. ఒక్కో మాట పక్కన దాని తాలూకు శాఖ. 'రక్షణ' కనబడితే రక్షణ శాఖ. 'వాతావరణం' కనబడితే పర్యావరణ శాఖ. 'విడుదల' కనబడితే జైళ్ళ శాఖ.

ఈ పనికి నన్ను ఎంచుకున్నారు. సభలో సభ్యులకు మంచినీళ్ళు అందించే బంట్రోతును నేను. పొద్దున్నే సభ బల్ల తుడవడం కూడా నాదే. ప్రశ్నల విభాగం ఆఫీసరుగారు పిలిచి చదువెంత అని అడిగారు. మూడో తరగతి అన్నాను.

"సరిగ్గా సరిపోయింది. డిగ్రీవాళ్ళను పెడితే రెండో మాట కూడా చదివేస్తున్నారయ్యా," అన్నారు.

అలా పొద్దున ప్రశ్నలకు స్టాంపు వేయడం, పదకొండింటికి కూజా పట్టుకుని సభలోకి వెళ్ళడం నా పనైంది.

మొదటిరోజే ఈ విధానం గొప్పదనం బయటపడింది. సరిహద్దులో వాతావరణం బాగా వేడెక్కిన మాట నిజమేనా, నిజమైతే ప్రభుత్వం ఏం చేయబోతోంది అని ఒక సీనియర్ సభ్యుడు అడిగాడు. నేను నా మాట చూసుకుని పర్యావరణం స్టాంపు వేశాను.

పర్యావరణ మంత్రిగారు ఆకుపచ్చ శాలువా లేనిదే సభకు రారు. దాన్ని సర్దుకుని లేచారు. నిజమేననీ, ఒకటిన్నర డిగ్రీ వేడెక్కిందనీ ఒప్పుకున్నారు. దాపరికం లేని మనిషి. సరిహద్దు పొడవునా మూడు లక్షల మొక్కలు నాటిస్తామన్నారు.

"అవతలి సైన్యం ముందుకొస్తే?" అని సీనియర్ సభ్యుడు నిలదీశాడు.

"వాళ్ళకూ నీడ దొరుకుతుంది. పర్యావరణానికి సరిహద్దులు లేవు," అన్నారు మంత్రిగారు.

సభ చప్పట్లతో మారుమోగింది. అందరికంటే గట్టిగా చరిచింది రక్షణ మంత్రిగారు. ఆయనకు ఆ రోజు ప్రశ్న తప్పింది.

రెండోవారంలో మా అల్లుడి చెరువు వచ్చింది.

చెరువు మా అల్లుడి సొంతం కాదు. దానిలో చేపలు పట్టుకుని బతుకుతాడు, అంతే. ఏడాది కిందట ఎగువన రంగుల ఫ్యాక్టరీ పెట్టి, దాని గొట్టం తెచ్చి చెరువులో వదిలారు. ఫ్యాక్టరీలో ఆ రోజు ఏ రంగు బట్ట అద్దితే చెరువు ఆ రంగుకు తిరుగుతుంది. సోమవారం ఎరుపు, బుధవారం నీలం. ముందు చేపలు వెల్లకిలా తేలాయి. తరువాత ఒడ్డునున్న బావుల్లో కూడా రంగు దిగింది. మా అమ్మాయి తాగే నీళ్ళ కోసం రెండు బిందెలు పట్టుకుని మైలు దూరం నడుస్తోంది. ఒకసారి వెళ్తే నాకు సగం గ్లాసే ఇచ్చింది.

"సభ మొత్తానికీ నీళ్ళు పోస్తావు గదా నాన్నా. మాకు ఒక్క చెంబు మంచినీళ్ళకు దారి చూపించలేవా?" అంది.

సగం గ్లాసులో కొంచెం మిగిల్చాను.

మా అల్లుడు ఊరుకోలేదు. ఆ ప్రాంతపు సభ్యుడి దగ్గరకు వెళ్ళాడు. ఆయన కొత్తగా గెలిచినవాడు, గొంతు సన్నం, అడిగినవాళ్ళకు కాదనడం ఇంకా నేర్చుకోలేదు. 'రంగుల ఫ్యాక్టరీ నుంచి మా చెరువుకు రక్షణ కల్పిస్తారా?' అని ప్రశ్న రాసి పెట్టెలో వేశాడు.

కాగితం నా చేతికొచ్చింది. చూడకూడదనుకుంటూనే మొత్తం చదివాను. పట్టుకుని ఆఫీసరుగారి దగ్గరకు వెళ్ళాను.

"అయ్యా, ఇది చెరువు సంగతండి. పర్యావరణానికి పోవాలేమో."

"రక్షణ అన్న మాట ఉందా, లేదా?"

"ఉందండి."

"మరి మధ్యలో చెరువెక్కడి నుంచి వచ్చింది?"

"రక్షణ పక్కనే ఉందండి."

ఆఫీసరుగారు కళ్ళజోడు తీసి నన్ను పైనుంచి కిందకు చూశారు. "పక్క మాట కూడా చదివావన్నమాట. ఈ వయసులో చదువు మొదలెట్టకు పెద్దాయనా, చెడిపోతావు."

స్టాంపు వేశాను.

రక్షణ మంత్రిగారు మాట్లాడేటప్పుడు అటెన్షన్‌లో నిలబడతారు. చూడ్డానికే గౌరవం కలుగుతుంది. ఈ దేశంలో అంగుళం చెరువును కూడా పరాయివాళ్ళ పాలు కానివ్వమని ఆయన ప్రకటించారు. చెరువుకు ఈ క్షణం నుంచే పూర్తి రక్షణ అన్నారు. ఎలాంటి రక్షణ అని కొత్త సభ్యుడు అడిగాడు. వివరాలు రహస్యమనీ, వాటిని కవరులో సీలుచేసి సభ బల్లమీద ఉంచుతున్నాననీ చెప్పి కూర్చున్నారు.

నోటితో చెప్పడానికి వీల్లేని జవాబును మంత్రులు బల్లమీద ఉంచుతారు. అది సభ మర్యాద. అలా ఉంచినదాన్ని ఎవరైనా తీసి చూడగా ముప్ఫయ్యేళ్ళలో నేను చూడలేదు. వాటిమీద దుమ్ము మాత్రం రోజూ నేనే తుడుస్తాను.

మంత్రిగారి మాటంటే మాటే. మూడు రోజుల్లో చెరువు చుట్టూ ముళ్ళకంచె పడింది. నాలుగు మూలలా నాలుగు మంచెలు లేచాయి. నిషిద్ధ ప్రాంతం అని బోర్డు పెట్టారు. మా అల్లుడి తెప్పను గుర్తు తెలియని నౌకగా స్వాధీనం చేసుకున్నారు. వల ఎందుకు వాడతారో తేలక పరీక్షకు పంపారు. ఫ్యాక్టరీ గొట్టం కంచె లోపల పడింది కాబట్టి దానికీ రక్షణ దక్కింది. దాని పక్కన ఇద్దరు జవాన్లు తుపాకులతో నిలబడ్డారు. అంతకుముందు ఎవరైనా కోపం పట్టలేక దాని మూతికి గుడ్డలు కుక్కేవాళ్ళు. ఇప్పుడా బెడద లేదు.

కాపలాకు చెరువు లోతుపాతులు తెలిసిన స్థానికుడొకడు కావాలన్నారు. మా అల్లుడికంటే తెలిసినవాడు ఎవరున్నారు? వేటా లేదు, తెప్పా లేదు. ఇంట్లో పొయ్యి వెలగాలి. టోపీ పెట్టుకుని చేరాడు. చేపలు పట్టేవాళ్ళను దగ్గరకు రానివ్వకుండా చూడటం అతని ఉద్యోగం.

"పని ఎలా ఉంది అల్లుడూ?" అని అడిగాను.

"బాగానే ఉంది మామా. నిన్న పొద్దున అలవాటుకొద్దీ నీళ్ళవైపు వెళ్ళబోయాను. నన్ను నేనే ఆపుకున్నాను," అన్నాడు.

కొత్త సభ్యుడు పట్టు వదలలేదు. రక్షణ అన్న మాట వల్లే కొంప మునిగిందని గ్రహించి, ఈసారి దాన్ని వాడకుండా, చెరువును జనానికి ఎప్పుడు విడుదల చేస్తారని అడిగాడు. జైళ్ళ మంత్రిగారు రికార్డులన్నీ తిరగేయించి వచ్చారు. ఈ పేరుగల ఖైదీ ఏ జైల్లోనూ లేడనీ, దొరికితే సత్ప్రవర్తనను బట్టి సానుభూతితో పరిశీలిస్తామనీ హామీ ఇచ్చారు. వినేవాళ్ళకు కన్నీళ్ళు తిరిగాయి.

ఆ రోజు కొత్త సభ్యుడు నా కూజా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు.

"పెద్దాయనా, ఏ మాట రాస్తే పర్యావరణం ఆయనకు పోతుంది?"

వాతావరణం అన్నాను.

చెరువు దగ్గర వాతావరణం ఎలా ఉంది అని రాశాడు. పర్యావరణ మంత్రిగారు కాగితం మీద జవాబు చెప్పే రకం కాదు. మర్నాడు పొద్దున్నే విలేకరులను వెంటబెట్టుకుని స్వయంగా బయలుదేరారు. గేటు దగ్గర మా అల్లుడు ఆపాడు.

"పాస్ ఉందాండి?"

"నేను మంత్రినయ్యా."

"మంత్రిగారికైనా పాస్ ఉండాలండి. చెరువు రక్షణలో ఉంది."

మంత్రిగారు నొచ్చుకోలేదు. ఇలాంటి మొనగాళ్ళ వల్లే చెరువులు నిలబడుతున్నాయని మా అల్లుడి భుజం తట్టారు. ఫొటో కూడా దిగారు. తరువాత కంచె బయటే నిలబడి లోపలికి చూశారు. ఫ్యాక్టరీలో ఆ రోజు ఆకుపచ్చ.

మధ్యాహ్నం సభలో ఆయన గొంతు గద్గదమైంది. మామూలుగా చెరువు ఒడ్డు మాత్రమే పచ్చగా ఉంటుందనీ, తన హయాంలో చెరువే పచ్చబడిందనీ చెప్పారు. వాతావరణం ఎంత ప్రశాంతంగా ఉందంటే చేపలన్నీ పైకొచ్చి విశ్రాంతి తీసుకుంటున్నాయట. సభ చప్పట్లు చరిచింది. కొత్త సభ్యుడు కూర్చుండిపోయాడు. ఆయన గ్లాసు ఖాళీగా ఉంటే నింపాను. తాగకుండా దానివైపే కాసేపు చూశాడు. తరువాత జేబులోంచి కాగితం తీసి ఒక్క వాక్యం రాశాడు.

మర్నాడు పొద్దున ఆ కాగితం నా ముందుంది. 'ఆ నీళ్ళు తాగవచ్చా?'

రక్షణ లేదు, వాతావరణం లేదు, విడుదల లేదు. తలుపు మూసి, జాబితా పై నుంచి వేలు పెట్టి చదువుకుంటూ వచ్చాను. నలభై ఒక్క మాటల్లో నీళ్ళు లేవు. నలభై రెండోది అడుగున ఉంది. కుర్చీ జరిపి వంగి చూశాను. 'నీళ్ళు: బంట్రోతు.'

ఆఫీసరుగారిని పిలిచి చూపించాను. పొరపాటేమో అన్నాను.

"అచ్చయ్యాక పొరపాటేమిటి? సభలో నీళ్ళు ఎవరు చూస్తారు?"

"నేనేనండి."

"అయితే సంబంధిత శాఖ నువ్వే. ఇరవై నాలుగు గంటలు టైముంది."

"నేను సభలో నోరెత్తకూడదు గదండి."

"నోరెత్తలేనప్పుడు మంత్రులేం చేస్తున్నారు? బల్లమీద ఉంచడం లేదూ? నువ్వూ ఉంచు," అన్నారు.

నా శాఖకు స్టాంపు లేదు కాబట్టి కాగితం మీద వేలిముద్ర వేసుకున్నాను.

సాయంత్రం మా అమ్మాయి ఇంటికి వెళ్ళి అల్లుడికి సంగతి చెప్పాను. అతను చాలాసేపు నవ్వాడు. మా అమ్మాయి నవ్వలేదు. ఒక సీసా కడిగి తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. డ్యూటీకి పోతున్న అల్లుడు రూలు గుర్తుచేసుకున్నాడు. మనుషులు లోపలికి పోకూడదని ఉంది గానీ నీళ్ళు బయటకు రాకూడదని లేదన్నాడు. కంచెలోంచి చెయ్యి పెట్టి సీసా నింపి ఇచ్చాడు. ఆ రోజు బుధవారం.

మర్నాడు స్పీకరుగారు ప్రశ్న చదివారు. జవాబు చెప్పవలసినవారు అని కాగితం చూసి, కొంచెం ఆగి, అదే గాంభీర్యంతో, బంట్రోతు, అన్నారు.

సభ నావైపు తిరిగింది. నేను సీసా మూత తీసి గ్లాసు నింపాను. రెండు చేతులా పట్టుకుని నడిచివెళ్ళి బల్ల మధ్యలో ఉంచాను. పైన పెద్ద దీపాలున్నాయి. వాటి వెలుగులో నీలం ఇంకా బాగా కనబడింది.

పర్యావరణ మంత్రిగారు మెడ చాచి చూశారు. రంగు మనోహరంగా ఉంది గానీ చెరువు రక్షణ శాఖ పరిధిలోది అన్నారు. గ్లాసులో ఉన్నది దేశభద్రత కాదని, పర్యావరణమని రక్షణ మంత్రిగారు అటెన్షన్‌లో చెప్పారు. నాలుగు గోడల మధ్య ఉంది కాబట్టి తన మీదకు తోస్తారేమోనని జైళ్ళ మంత్రిగారు నెమ్మదిగా లేచి బయటకు వెళ్ళారు.

అనుబంధ ప్రశ్న ఏమైనా ఉందా అని స్పీకరుగారు అడిగారు. కొత్త సభ్యుడు లేచాడు.

"ఒక్కటే అధ్యక్షా. మంత్రిగార్లలో ఎవరికైనా దాహంగా ఉందా?"

ఎవరికీ దాహంగా లేదు. పద్ధతి ప్రకారం ప్రశ్న ఇరవై నాలుగు గంటల్లోపే పరిష్కారమైనట్టు రికార్డు చేశారు. దాని ఎదురుగా 'జవాబు బల్లమీద ఉంచడమైనది' అని రాశారు. నూటికి నూరు పాళ్ళు జవాబులు ఇచ్చిన సభ ఇదొక్కటేనని సాయంత్రం మళ్ళీ ప్రకటన వెలువడింది.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే బల్ల తుడవడానికి వెళ్ళాను. గ్లాసు ఉన్నచోటే ఉంది. చెరువులో భాగం కాబట్టి దాని చుట్టూ జానెడెత్తు ముళ్ళకంచె వేశారు. చిన్న బోర్డు కూడా పెట్టారు. పక్కనే టోపీ పెట్టుకుని, నిటారుగా, మా అల్లుడు నిలబడి ఉన్నాడు. ఆ నీళ్ళు తెలిసినవాడు కావాలన్నారట.

గుడ్డ పట్టుకుని దగ్గరకు వెళ్ళాను.

"మామా, పాస్ ఉందా?" అన్నాడు.

లేదన్నాను. ఆ మేరకు దుమ్ము వదిలేసి మిగతా బల్ల తుడిచాను.